చిన్నాయన రిటైరై మఠానికి వెళ్తున్నారు, అక్కడ నెలంతా ఎలా గడుస్తుంది?

తోతాపురి | నవంబర్ 3

అందరికీ వందనాలు. మాది చిత్తూరు పక్కన పల్లె. మా నాయన తమ్ముడు, అంటే మా చిన్నాయన, క్యాథలిక్ చర్చిలో ఒక సన్యాస సభకు చెందిన గురువు, అంటే ఫాదర్. వయసు 78. పదిహేడో ఏట ఇల్లు వదిలి సెమినరీకి, అంటే ఫాదర్ల చదువుకు, పోయినప్పటి నుంచి ఒక్క చోట ఐదారేళ్ళకు మించి ఉన్నది లేదు. విచారణ (ఒక చర్చి, దాని కిందున్న ఊర్లు), హాస్టలు, మళ్ళీ ఇంకో విచారణ. మొన్న వేసవిలో పూజ మధ్యలో కళ్ళు తిరిగి బలిపీఠం పట్టుకుని నిలబడిపోయారంట. సభ పెద్దలు వచ్చి మాట్లాడి, రిటైరైన ఫాదర్లు, బ్రదర్లు కలిసి ఉండే చిత్తూరు మఠానికి ఈ నెల పదో తారీఖు నుంచి రమ్మన్నారు.

చిన్నాయన "సరే" అన్నారు. మా నాయనే ఒప్పుకోవడం లేదు. "నేనుండగా, నా ఇల్లుండగా వాడికి ముసలోళ్ళ ఆశ్రమం ఏందిరా" అని రెండు రోజులుగా అన్నం సరిగా తినడం లేదు. ఆయనకు ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు, ఎందుకంటే ఆ ఇంటి గురించి నాకూ తెలియదు. పొద్దున లేచి ఏం చేస్తారు? నెలంతా ఎలా గడుస్తుంది? మేం ఎప్పుడు పోవచ్చు, ఏం తీసుకుపోవచ్చు? తెలిసినవాళ్ళు చెప్పండి. చాలా టెన్షన్‌గా ఉంది.

రేణిగుంట జంక్షన్ | నవంబర్ 3

నేను క్రైస్తవుణ్ణి కాదు, తెలుసుకోవాలనే అడుగుతున్నా. ఫాదర్‌కీ బ్రదర్‌కీ తేడా ఏమిటి? ఇన్నేళ్ళు పనిచేసినవాళ్ళకు పింఛను, సొంత డబ్బు ఉండవా?

సుద్దముక్క బ్రదర్ | నవంబర్ 4

రేణిగుంట అన్నా, ఈ తేడా మా చర్చిలోనే చాలామందికి తెలియదు. సెమినరీలో చదివే కుర్రాళ్ళను కూడా బ్రదర్ అనే పిలుస్తారు కాబట్టి, బ్రదర్ అంటే రేపో మాపో ఫాదర్ అయ్యే మనిషి అనుకుంటారు. నేను చెప్పేది చివరిదాకా బ్రదర్‌గానే ఉండేవాళ్ళ గురించి. ఫాదర్‌కు గురుపట్టాభిషేకం జరుగుతుంది, ఆయన దివ్యబలిపూజ చేస్తారు, పాపసంకీర్తనం వింటారు, అంటే జనం తమ పాపాలు ఒప్పుకుంటే విని క్షమాపణ ఇస్తారు. బ్రదర్ అవి చేయడు. బడి చెప్తాడు, తోట చూస్తాడు, లెక్కలు రాస్తాడు, వర్క్‌షాప్ నడుపుతాడు. కానీ సభలో చేరినప్పుడు ఇద్దరూ ఇచ్చిన మాట ఒకటే: పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత. అందుకే ముసలితనంలో ఇల్లూ ఒకటే, భోజనం బల్లా ఒకటే.

ఎయిడెడ్ బడుల్లో చేసిన బ్రదర్లకు ప్రభుత్వ పింఛను వస్తుంది. అది సభకు చెందుతుంది. మా చర్చి చట్టంలో 668వ నియమం అదే: జీతమైనా, పింఛనైనా, బీమా అయినా సభదే. ఆయన బాగోగులు చివరిదాకా సభవే. నెలకు కొంత చేతిఖర్చు ఇస్తారు, నెలాఖరున దానికి లెక్క రాసి ఇవ్వాలి. నేను మూడేళ్ళు అలాంటి ఇంట్లో లెక్కలు చూశాను. 84 ఏళ్ళ బ్రదర్ ఒకరు "బ్లేడు, పోస్టు కవర్లు, అరటిపళ్ళు" అని వరుసగా రాసి, మిగిలిన 11 రూపాయలు అదే చీటీలో మడిచి నా బల్ల మీద పెట్టేవారు. ఒక్క నెల కూడా తప్పలేదు. ఆ చీటీలు చింపడానికి నాకు చేతులు రాలేదు, ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి.

ఆయనకే ఏడాదికోసారి పింఛను కోసం ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ పెద్ద పరీక్షయ్యేది. నలభై ఏళ్ళు సుద్దముక్క పట్టి, ఆ తర్వాత పార పట్టి, వేలిముద్రలు అరిగిపోయాయి. మిషను ఒప్పుకునేది కాదు. ఇప్పుడు ఫోన్‌కు ముఖం చూపిస్తే సరిపోతోంది, ఆ బాధ తప్పింది.

తమ్ముడూ తోతాపురీ, నెల సంగతి అడిగావు కదా. మా రోజు గంట చుట్టూ తిరుగుతుంది. పొద్దున ప్రార్థన, పూజ, టిఫిను, మధ్యాహ్నం కునుకు, సాయంత్రం జపమాల, సాయం ప్రార్థన, భోజనం. మేం చదివే కీర్తనల పుస్తకం నాలుగు వారాల చక్రం. ఈ సోమవారం చదివిన కీర్తన మళ్ళీ నాలుగు వారాలకు వస్తుంది, కాబట్టి తారీఖు మర్చిపోయిన పెద్దాయనకు కూడా కీర్తన వినగానే ఇది ఏ వారమో తెలిసిపోతుంది. మొదటి శుక్రవారం యేసు తిరుహృదయ ఆరాధన. నెలకొక రోజు ధ్యానం, ఆ రోజంతా మౌనం. పాపసంకీర్తనం వినడానికి బయటి నుంచి ఒక ఫాదర్ వస్తారు, ఎందుకంటే వాళ్ళంతట వాళ్ళు అడిగితే తప్ప ఇంటి పెద్ద అయిన సుపీరియర్ తన కింద ఉన్నవాళ్ళ పాపసంకీర్తనం వినకూడదు. డాన్ బోస్కో అనే పునీతుడు పెట్టిన సభవాళ్ళు ఈ నెల ధ్యానాన్ని పూర్వం "మంచి మరణం కోసం సాధన" అనేవారు. పేరు విని మీ నాయన గారు బెదిరిపోవద్దు. డాన్ బోస్కో దాన్ని బడిపిల్లల చేత కూడా చేయించారు. ఈ రాత్రే దేవుడు పిలిస్తే ఏ పని మిగిలిపోయింది, ఎవరితో మాట పట్టింపు ఉండిపోయింది అని చూసుకుని సర్దుకోవడం, అంతే. వాళ్ళ ఇళ్ళలో ప్రతి నెలా 24న సహాయమాత (మరియమ్మ) స్మరణ కూడా ఉంటుంది.

రాత్రి భోజనాల ముందు, ఆ తారీఖున చనిపోయిన సభ సభ్యుల పేర్లు చదువుతారు. చదవగానే బల్ల దగ్గర ఎవరో ఒకరు "ఆయన పులుసు బాగా పెట్టేవాడు" అంటారు, ఇంకొకరు "నాకు సైకిల్ నేర్పింది ఆయనే" అంటారు. నాకు ఆ ఇంట్లో అన్నిటికంటే ఇష్టమైన ఐదు నిమిషాలు అవే.

మందులపెట్టె | నవంబర్ 4

నేను ఇలాంటి ఇంట్లోనే ఆరేళ్ళుగా నర్సును. సిస్టర్ని కాదు, పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు. బ్రదర్ గారు ప్రార్థనల సంగతి చెప్పారు, నేను మిగతాది చెప్తాను.

పధ్నాలుగు మంది. ప్రతి సోమవారం డబ్బాలు నింపుతాను, ఒక్కొక్కరికి ఏడు రోజులు, మూడు పూటలు. సుగరు తొమ్మిది మందికి. మూడు నెలలకోసారి ముగ్గురు నలుగుర్ని తీసుకుని తెల్లవారుజామునే వేలూరు సీఎంసీ ఆసుపత్రికి బయలుదేరతాం. చిత్తూరు నుంచి దగ్గరే కదా, అయినా వాళ్ళకది ప్రయాణం కింద లెక్క. ముందు రోజే బట్టలు ఇస్త్రీ చేయించుకుంటారు.

నాకు వాళ్ళతో గొడవ వచ్చేది తపస్సు కాలంలో, అంటే ఈస్టరుకు ముందు నలభై రోజుల్లో. చర్చి నియమం ప్రకారం ఉపవాసం 18 నిండినప్పటి నుంచి 59 నిండేదాకానే. శుక్రవారం మాంసం మానడానికి మాత్రం పై వయసు లేదు. ఇన్సులిన్ మీద ఉన్న 81 ఏళ్ళ ఫాదర్ విభూది బుధవారం నాడు టిఫిను ప్లేటు పక్కకు నెట్టేసి "జీవితంలో ఒక్కసారి కూడా మానలేదమ్మా" అన్నారు. సుపీరియర్ వచ్చి "విధేయత అని మాట ఇచ్చారు కదా, ఇడ్లీ తినండి" అంటే తిన్నారు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అలాగే పూజలో తీసుకునే దివ్యసత్ప్రసాదానికి ముందు గంటసేపు ఏమీ తినకూడదనే నియమం పెద్దవాళ్ళకు, రోగులకు లేదు, వాళ్ళను చూసుకునేవాళ్ళకు కూడా లేదు. అంటే నాకూ లేదు. ఎవరో మా లాంటివాళ్ళను తలుచుకుని రాసినట్టుంది.

చేతులు వణికే ఫాదర్ ఒకరున్నారు. మా చిన్న ప్రార్థనగదిలో కూర్చునే పూజ చేస్తారు. నిలబడలేని గురువుకు ఆ వెసులుబాటు ఉంది. పక్కన ఒక బ్రదర్ నిలబడి పాత్ర అడుగున చెయ్యి పెడతారు. పట్టుకున్నట్టు కనబడకూడదు, అలాగని ఒలకకూడదు. పాత్ర పైకి లేచేటప్పుడు ఫాదర్ వేళ్ళు తెల్లబడతాయి, కింద బ్రదర్ బొటనవేలు కొంచెం కొంచెంగా జరుగుతుంది. నేను వెనక బెంచీలో ఊపిరి బిగబట్టి చూస్తుంటాను. ఇద్దరి వయసూ కలిపితే 165.

మతిమరుపు వచ్చిన ఇంకో ఫాదర్ రాత్రి రెండింటికి లేచి "గుడి తలుపు వేశారా, తాళాలేవి?" అని వరండాలో తిరిగేవారు. ఏం చెప్పినా నిద్రపోయేవారు కాదు. మా వాచ్‌మన్ పనికిరాని పాత తాళంచెవులన్నీ ఒక గుత్తికి కట్టి తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. అప్పటి నుంచి గుత్తి దిండు కింద పెట్టుకుని పడుకుంటున్నారు.

తోతాపురి గారూ, మొదటి నెల కష్టంగానే ఉంటుంది, దాచను. ముఖ్యంగా సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా. విచారణలో ఆ వేళకు జనం వస్తారు, సంతకాలకు, సలహాలకు, పెళ్ళి మాటలకు. ఇక్కడ ఆ వేళకు ఎవరూ రారు. ఫోన్ చేస్తే ఆ టైంలో చేయండి.

స్వర్ణముఖి | నవంబర్ 5

ఇది రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నా. నా మేనమామ బ్రదర్. నలభై ఏళ్ళు లెక్కలు చెప్పారు. చివరి మూడేళ్ళు ఇలాంటి ఇంట్లోనే ఉన్నారు, వేరే జిల్లాలో. పోయిన రోజు దండలు పెట్టడానికి చోటు చాలలేదు, కార్లు గేటు దాటి రోడ్డు దాకా నిలబడ్డాయి. ఒక్కొక్కరు మైకు పట్టుకుని ఆయన వల్లే ఈ స్థితిలో ఉన్నామని ఏడ్చారు. తర్వాత నేను ఆఫీసు గదిలో విజిటర్ల పుస్తకం తిరగేశాను. ఆ ఏడాది మొత్తంలో ఆయన పేరు ఎదురుగా నాలుగు సంతకాలు. వాటిలో రెండు నావి.

ఆ ఇంటి మీద నాకు ఫిర్యాదు లేదు. మంచం, మందు, తిండి అన్నీ బాగున్నాయి. రావలసింది మేము. క్రిస్మస్‌కు అందరూ కేకులు పట్టుకుని వస్తారు, ఫొటో దిగి వెళ్తారు. తమ్ముడూ, మీరు మాత్రం పండగ లేని నెలలో, ఏ మంగళవారమో, ఊరికే వెళ్ళండి.

నీవా ఒడ్డు | నవంబర్ 5

మా ఇంటి వెనక గోడ అవతల అలాంటి మఠమే ఉంది. మేము హిందువులం. మా అబ్బాయి టెన్త్‌లో ఇంగ్లీషు తప్పితే, గోడ మీదుగా నా అరుపులు విని ఒక పెద్ద బ్రదర్ "సాయంత్రం పంపించమ్మా" అన్నారు. ఐదు నెలలు వరండాలో కూర్చోబెట్టి చెప్పారు. పైసా తీసుకోలేదు. వాడిప్పుడు బెంగళూరులో ఉద్యోగం.

పెరటాసి నెలలో తమిళనాడు నుంచి పసుపు బట్టలతో కొండకు నడిచిపోయేవాళ్ళు మా రోడ్డు మీదుగానే పోతారు. ఆ బ్రదర్ గేటు దగ్గర వేపచెట్టు కింద కుండలో మజ్జిగ పెట్టి, కుర్చీ వేసుకుని కూర్చుంటారు. ఆయనది మదురై వైపు, వాళ్ళతో తమిళంలో మాట్లాడుతుంటారు. ఎవరో కుర్రాడు "స్వామీ, మీరు కొండకు రారా?" అంటే "మోకాళ్ళు రానివ్వవు నాయనా, నా పేరు కూడా చెప్పి దణ్ణం పెట్టు" అన్నారు. నేను పక్కనే ఉండి విన్నాను. గంగజాతరకు మేం పొంగలి పంపిస్తాం, మామిడి కాపుకు వాళ్ళు బుట్ట పంపిస్తారు.

డెబ్భై ఐదుకు దగ్గర్లో | నవంబర్ 6

నేను మేత్రాసన గురువును, అంటే ఏ సభకూ చెందను, బిషప్పు గారి కింద పనిచేస్తాను. ఈ జిల్లా విచారణలు కడప మేత్రాసనం కిందివి. 1976లో నెల్లూరు నుంచి విడదీసి కడపను ఏర్పాటు చేసినప్పుడు నేను సెమినరీలో ఉన్నాను. వచ్చే ఏడు నాకు 75. విచారణ గురువు 75 నిండగానే రాజీనామా పత్రం మేత్రాణులకు, అంటే బిషప్పు గారికి, ఇవ్వాలని నియమం కోరుతుంది, ఒప్పుకోవడం, ఇంకొంతకాలం ఆపడం ఆయన ఇష్టం. నా పత్రం ఇప్పటికే రాసి బైబిల్లో పెట్టుకున్నాను.

తోతాపురి బాబూ, మీ చిన్నాయన "సరే" అన్నారు అన్నావు. ఆ మాట అంత తేలిగ్గా వచ్చి ఉండదు. మాకు మంచం గురించి, తిండి గురించి భయం లేదు. యాభై ఏళ్ళుగా అర్ధరాత్రి ఫోన్ మోగితే లేచి వెళ్ళాం, అవస్థలో ఉన్నవాళ్ళకు పవిత్ర తైలం పూసి ప్రార్థించి అభ్యంగనం ఇచ్చాం. ఇక ఫోన్ మోగదు. నాకు భయం అదొక్కటే. 2013 ఫిబ్రవరి 28న బెనెడిక్ట్ 16 జగద్గురువు (పోపు) పదవి వదిలి, ఆ ఏడు మే నుంచి 2022 డిసెంబర్ 31న కన్నుమూసేదాకా వాటికన్ తోటల్లోని మఠంలో ప్రార్థనలో గడిపారు. అంతటి ఆయనే అలా ఉండగలిగారు, నేనెంత అని నాకు నేను చెప్పుకుంటున్నాను. కొన్ని రాత్రులు ఆ మాట సరిపోతుంది, కొన్ని రాత్రులు సరిపోదు.

పోయిన నెల ఒక రిటైరైన ఫాదర్‌ను చూడడానికి వెళ్ళాను. ఆయన దగ్గర ఒక నోటుపుస్తకం ఉంది. పాత విచారణల్లో తాను జ్ఞానస్నానం ఇచ్చిన పిల్లల పేర్లు, గుర్తున్నంతవరకు, ఊరి వారీగా రాశారు. రోజుకొక ఊరు ప్రార్థనలో తలుచుకుంటారట, నెల తిరిగేసరికి అన్ని ఊర్లూ అవుతాయి. "తీరికగా ప్రార్థించడం ఇప్పుడే కుదిరింది" అన్నారు. ఇంటికొచ్చి నేనూ ఒక నోటుపుస్తకం కొన్నాను.

రేణిగుంట జంక్షన్ | నవంబర్ 6

అందరికీ థాంక్స్. ఒక్కటి అర్థం కాలేదు. అన్న పిలుస్తున్నాడు, ఇల్లుంది. అక్కడే ఉంటే తప్పేమిటి?

సుద్దముక్క బ్రదర్ | నవంబర్ 6

తప్పేమీ లేదు అన్నా. ఆరోగ్యం కోసమైతే సుపీరియర్ అనుమతితో ఇంట్లో ఉండొచ్చు, అలా ఉన్నవాళ్ళు ఉన్నారు. కానీ చూడండి, మా ప్రార్థనలో కీర్తన ఒక చరణం ఈ వైపు బెంచీవాళ్ళు చదివితే తర్వాతి చరణం ఆ వైపువాళ్ళు అందుకుంటారు. అరవై ఏళ్ళు అలా చదివిన మనిషి ఇంట్లో గదిలో ఒక్కడే కూర్చుని ఒక చరణం చదివి ఆగుతాడు, అలవాటుగా. అందుకునేవాళ్ళు ఉండరు. ఇంకోటి, మట్టి. మా సమాధుల తోట ఇంటి ఆవరణలోనే. సిలువలన్నీ ఒకే కొలత. నవంబర్ 2న ఆత్మల పండుగకు ముందు సున్నం వేసేది అక్కడుండే పెద్దాయనలే, కుర్చీ వేసుకుని. తనతో నవీషియేట్ (సభలో చేరిన కొత్తలో శిక్షణ) చేసినవాడి సిలువకు తానే సున్నం వేస్తాడు.

తోతాపురి | నవంబర్ 23

చిన్నాయనను దింపి వచ్చి రెండు వారాలైంది. మీరు రాసినవన్నీ నాయనకు చదివి వినిపించాను. విజిటర్ల పుస్తకం సంగతి రెండుసార్లు చదివించుకున్నారు.

సామాను ఎంతో తెలుసా? ఒక రేకుపెట్టె, ఒక చేతిసంచి. 78 ఏళ్ళ మనిషి ఆస్తి. పెట్టెలో అంగీలు, ప్రార్థన పుస్తకాలు, టార్చిలైటు, మా అవ్వ నేసిన దుప్పటి. నాయన ఆ దుప్పటి చూసి బయటికి పోయి చెట్టు కింద నిలబడ్డారు.

రోజూ ఐదున్నరకు ఫోన్ చేస్తున్నాను. "వీళ్ళు బాగానే చూసుకుంటున్నారు" అంటారు. "వీళ్ళకు కారం తక్కువ కావాలి" అంటారు. అంతే, మాట సాగడం లేదు. పాత విచారణలో ఒక పిల్ల నర్సింగ్ సీటు ఏమైందో కనుక్కోమన్నారు. ఏం తీసుకుపోతే బాగుంటుందో చెప్పండి.

మందులపెట్టె | నవంబర్ 23

స్వీట్లు వద్దు, దుప్పట్లు వద్దు, అన్నీ గుట్టలుగా ఉన్నాయి. పని తీసుకెళ్ళండి. చేత్తో చేసే పని ఏదైనా. చలికాలం కదా, మీ పొలంలో అనపకాయలు లేవా?

తోతాపురి | జనవరి 11

అక్కా, మీ మాట విన్నాం.

సంక్రాంతి ముందు ఒక మంగళవారం, స్వర్ణముఖి గారు చెప్పినట్టే. ముందు రోజు కాయలు ఒలిచి గింజలు రాత్రంతా నానబెట్టి, బకెట్‌తో సహా తీసుకుపోయాం. వరండాలో చాప మీద పేపర్లు పరిచాం. నలుగురు కుర్చీల్లో, ఒకరు చక్రాల కుర్చీలో, నాయన కింద. ఒక మలయాళం బ్రదర్‌కు పితికిపప్పు అంటే ఏమిటో తెలియదు. చిన్నాయన ఆయన చెయ్యి పట్టుకుని చూపించారు: గింజ ముక్కు గిల్లి, బొటనవేలు, చూపుడువేలు మధ్య వత్తాలి. తోలు చేతిలో ఉండిపోయి పప్పు చటుక్కున జారుతుంది. మొదటిది ఎగిరి సుపీరియర్ ఫాదర్ అంగీ మీద పడింది. అందరూ పగలబడి నవ్వారు. చిన్నాయన అలా నవ్వడం నేను చాలా ఏళ్ళుగా చూడలేదు. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయిన ఒక ఫాదర్ ఎడమచేత్తో వత్తారు, గంటలో ఒక గిన్నెడు. ఆ గిన్నె పక్కన పెట్టించుకుని, వంటమ్మ వచ్చేదాకా ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

ఐదింటికి గంట కొట్టారు. అందరూ చేతులు కడుక్కుని లేచారు. నాయన గుడిలో వెనక కూర్చుందామనుకున్నారు, చిన్నాయన పక్కకు పిలిచి పుస్తకం సగం ఇటు జరిపారు. ఇద్దరికీ ఒకటే కళ్ళజోడు సరిపోతుందని అప్పుడే తెలిసింది. ఒక చరణం చిన్నాయన వైపు, ఒక చరణం ఎదురు బెంచీ. నాయన గొంతు ఒక మాట వెనకబడి వినిపిస్తూనే ఉంది.

రాత్రి పితికిపప్పు కూర, రాగిసంగటి. మందులు వేసుకున్నాకే సంగటి పెట్టారు.

దారిలో నాయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మా ఊరి మలుపు దగ్గర "వాడికి పప్పు వత్తడం ఇంకా మరుపు రాలేదు" అన్నారు.

ఈ రోజు ఐదున్నరకు నేను చేయకముందే చిన్నాయన ఫోన్ వచ్చింది. "వచ్చే నెల మొదటి శనివారం రావద్దండి, ఆ రోజు మాకు ధ్యానం. ఆదివారం రండి. పోయినసారి గింజలు చాలలేదు, మేం పదిమందిమి ఉన్నాం ఇక్కడ, మీ నాయనకు చెప్పు" అన్నారు.

నాయన ఇప్పుడే గోనెసంచి వెతుకుతున్నారు.